ఒకే మెషీన్‌లో నాలుగు ఆపరేటింగ్ సిస్టమ్‌లు: కెర్నల్ మారిన ప్రతిసారీ గ్రబ్ మెనూ తప్పుతోంది, సరైన అమరిక ఏది?

సాయినగర్ ల్యాబ్, అనంతపురం

అందరికీ నమస్కారం. నేను అనంతపురంలో ఒక ఇంజనీరింగ్ కళాశాలలో ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్ చూసుకుంటాను. లినక్స్ కెర్నల్‌ను (ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రామ్‌ను) సోర్సు నుంచి కంపైల్ చేసి, అందులో ఒక చిన్న సిస్టమ్ కాల్ (ప్రోగ్రామ్‌లు కెర్నల్‌ను పని అడిగే ద్వారం) చేర్చి, ఆ కెర్నల్‌తోనే మెషీన్‌ను బూట్ చేసి విద్యార్థులకు చూపించడం నా పనిలో ముఖ్యమైన భాగం. ఇందుకోసం ఒక డెస్క్‌టాప్‌ను ప్రత్యేకంగా ఉంచుకున్నాను. అందులో మొదట విండోస్ 10, తరువాత ఉబుంటు 22.04, ఆ తరువాత డెబియన్ 12, చివరగా ఫ్రీబీఎస్‌డీ 14 ఎక్కించాను. మెషీన్ యూఈఎఫ్ఐ (పాత బయోస్ స్థానంలో వచ్చిన ఫర్మ్‌వేర్) పద్ధతిలోనే నడుస్తుంది, డిస్కు విభజన పట్టిక జీపీటీ రకం, సెక్యూర్ బూట్ (సంతకం లేని లోడర్లను అడ్డుకునే రక్షణ) ఆపి ఉంది. విండోస్ తనంతట తాను చేసుకున్న 100 ఎంబీ ఈఎఫ్ఐ పార్టిషన్‌నే (బూట్ లోడర్లు ఉండే చోటు) ఉబుంటు, డెబియన్ కూడా వాడుకుంటున్నాయి. డెబియన్‌కు మాత్రం బూట్ ఫోల్డర్ కోసం విడిగా 500 ఎంబీ పార్టిషన్ ఇచ్చాను.

ఇప్పుడు ఉబుంటు గ్రబ్ (ఏ సిస్టమ్‌ను లేపాలో మెనూ చూపే బూట్ లోడర్) ముందుగా వస్తుంది. ఇతర సిస్టమ్‌లను వెతికే ఓఎస్-ప్రోబర్‌ను చేతితో ఆన్ చేసి, డెబియన్‌ను కూడా అందులోనే చూపించేలా పెట్టుకున్నాను. ఇబ్బంది ఏమిటంటే, డెబియన్‌లో కెర్నల్ అప్‌డేట్ వచ్చి పాతది తొలగిపోయిన తరువాత కూడా ఉబుంటు మెనూలో పాత కెర్నల్ పేరే ఉంటోంది. దాన్ని ఎంచుకుంటే ఫైలు దొరకలేదనీ, ముందు కెర్నల్‌ను లోడ్ చేయాలనీ రెండు వరుసల ఎర్రర్ వచ్చి ఆగిపోతుంది. అప్పుడు మళ్ళీ ఉబుంటులోకి వెళ్ళి మెనూను తిరిగి తయారు చేసే అప్‌డేట్-గ్రబ్ నడిపి, మళ్ళీ రీస్టార్ట్ చేసి, డెబియన్‌లోకి రావాలి.

రెండో ఇబ్బంది ఇంకా పెద్దది. డెబియన్ తన సొంత కెర్నల్ 6.1 తో వస్తుంది. పాఠం కోసం నేను 6.6 కంపైల్ చేశాను. ఇన్‌స్టాల్ చేసి రెండు చోట్లా అప్‌డేట్-గ్రబ్ నడపగానే, నేను చెప్పకుండానే 6.6 మొదటి స్థానంలో కూర్చుని డీఫాల్ట్ అయిపోయింది. గత వారం అరవై మంది విద్యార్థుల ముందు డెబియన్‌ను ఎంచుకుంటే, రూట్ ఫైల్‌సిస్టమ్‌ను మౌంట్ చేయలేకపోతున్నాననీ, అన్‌నోన్ బ్లాక్ సున్నా కామా సున్నా అనీ తెర నిండా రాసి కెర్నల్ పానిక్ అయింది (కోలుకోలేక ఆగిపోయింది). కీబోర్డు కూడా పలకలేదు. ఆ గంట పాఠం పోయింది.

ఫ్రీబీఎస్‌డీ ఈ మెనూలో అసలు కనిపించదు. ప్రతిసారీ ఫర్మ్‌వేర్ మెనూ కీ నొక్కి వెతుక్కోవాలి. పైగా డెబియన్‌లో గ్రబ్ ప్యాకేజీ అప్‌డేట్ అయిన రోజున డెబియన్ గ్రబ్ ముందుకు వచ్చేస్తుంది, విండోస్ పెద్ద అప్‌డేట్ అయిన రోజున విండోస్ ముందుకు వచ్చేస్తుంది.

అన్ని కెర్నల్‌లనూ ఒకే గ్రబ్ చేతిలో పెట్టడం సరైన పద్ధతేనా? కొత్త కెర్నల్ పడిపోతే మెషీన్ తనంతట తానే పాత కెర్నల్‌కు తిరిగి వచ్చే ఏర్పాటు ఉందా? అనుభవం ఉన్నవారు వివరంగా చెప్పగలరు. ఫోరం నియమం ప్రకారం కమాండ్లను, ఫైలు పేర్లను పలికే తీరులో తెలుగులోనే రాశాను.


గండికోట, కడప

సాయినగర్ ల్యాబ్ గారూ, మీరు చెప్పిన వాటిలో మొదటిదానికి, ఫ్రీబీఎస్‌డీ కనిపించకపోవడానికి, ముందు వరుస మారిపోవడానికి నేను సమాధానం చెబుతాను. పానిక్ సంగతి తుంగభద్ర ఒడ్డు గారు నాకంటే బాగా చెప్పగలరు.

ఓఎస్-ప్రోబర్ చేసే పని ఏమిటో చూస్తే మీ మొదటి ఇబ్బంది విడిపోతుంది. మీరు ఉబుంటులో అప్‌డేట్-గ్రబ్ నడిపిన క్షణాన అది డెబియన్ పార్టిషన్‌ను తెరిచి, అక్కడి గ్రబ్ ఫైలులో ఉన్న కెర్నల్ పేరును, ఇనిట్ఆర్‌డీ (బూట్ మొదట్లో కెర్నల్ వాడే తాత్కాలిక ఫైల్‌సిస్టమ్ ఉన్న ఫైలు) పేరును, పారామీటర్లను అక్షరం పొల్లుపోకుండా నకలు తీసి ఉబుంటు మెనూలో పెడుతుంది. ఆ తరువాత డెబియన్‌లో ఏం జరిగినా ఉబుంటుకు తెలియదు, ఎవరూ చెప్పరు కూడా. వెనకటి లైలో లోడర్‌లోనూ సరిగ్గా ఇదే బాధ ఉండేది. కెర్నల్ డిస్కులో ఏయే బ్లాకుల్లో ఉందో అది ముందుగా రాసి పెట్టుకునేది కాబట్టి, కెర్నల్ మార్చిన ప్రతిసారీ లైలో కమాండ్ మళ్ళీ నడపాలి, మరిచిపోతే మెషీన్ లేవదు. ఫైల్‌సిస్టమ్‌ను తానే చదవగలగడం గ్రబ్ తెచ్చిన గొప్ప సౌకర్యం. ఓఎస్-ప్రోబర్ ద్వారా పక్క సిస్టమ్ కెర్నల్‌ను బూట్ చేసినప్పుడు మనం ఆ సౌకర్యాన్ని వదిలేసి తిరిగి లైలో కాలానికి పోతున్నాం. గ్రబ్ 2.06 నుంచి ఓఎస్-ప్రోబర్‌ను డీఫాల్ట్‌గా ఆపివేశారు. వారు చెప్పిన కారణం భద్రతకు సంబంధించినది, కానీ మీలాంటి అమరికకు అది ఆపి ఉండటమే మేలని నా అభిప్రాయం.

కాబట్టి ఏ సిస్టమ్ కెర్నల్‌ల లెక్క ఆ సిస్టమ్ లోడరే చూసుకోవాలి. ముందు వచ్చే గ్రబ్‌కు కెర్నల్ పేర్లు తెలియనక్కరలేదు. తరువాతి లోడర్ ఎక్కడుందో తెలిస్తే చాలు. దీన్నే చెయిన్‌లోడింగ్ అంటారు. పాత బయోస్ మెషీన్లలో ఎంబీఆర్‌లోని (డిస్కు మొదటి సెక్టారులోని) 446 బైట్ల చోటు కోసం అన్ని లోడర్లూ కొట్లాడుకునేవి కాబట్టి ఇది కొంచెం చిక్కుగా ఉండేది. యూఈఎఫ్ఐలో ఈఎఫ్ఐ పార్టిషన్ లోపల ఒక్కో సిస్టమ్‌కు ఒక్కో ఫోల్డర్ ఉంటుంది, ఒకదాని జోలికి మరొకటి పోదు. రెండు వేర్వేరు ఉబుంటులు ఎక్కిస్తే మాత్రం రెండూ ఉబుంటు అనే ఒకే ఫోల్డర్‌లో పడి ఒకదాన్నొకటి చెరిపేస్తాయి. మీకు ఆ సమస్య లేదు.

మీ ఈఎఫ్ఐ పార్టిషన్‌లో డెబియన్ ఫోల్డర్ తెరిచి, అందులోని గ్రబ్ డాట్ సీఎఫ్‌జీ ఫైలు ఒకసారి చూడండి. మూడే వరుసలు ఉంటాయి. మొదటి వరుస యూయూఐడీని (పార్టిషన్ గుర్తింపు సంఖ్యను) బట్టి డెబియన్ బూట్ పార్టిషన్‌ను వెతుకుతుంది, రెండోది ప్రిఫిక్స్‌ను (గ్రబ్ తన ఫైళ్ళ కోసం చూసే దారిని) అక్కడికి మళ్ళిస్తుంది, మూడోది అక్కడున్న అసలు గ్రబ్ డాట్ సీఎఫ్‌జీని తెరుస్తుంది. అసలు ఫైలును డెబియన్ తన కెర్నల్ మారినప్పుడల్లా తానే తిరగ రాసుకుంటుంది. కాబట్టి మనం ఈ ఫోల్డర్‌లోని గ్రబ్‌ఎక్స్64 డాట్ ఈఎఫ్ఐని పిలిస్తే ఎప్పుడూ తాజా మెనూయే వస్తుంది.

ఉబుంటులో ఈటీసీ కింద గ్రబ్ డాట్ డి అనే ఫోల్డర్‌లో 40_కస్టమ్ అనే ఫైలు ఉంటుంది. అందులో డెబియన్ పేరుతో ఒక మెనూఎంట్రీ రాసి, దాని లోపల ముందుగా పార్ట్_జీపీటీ, ఫ్యాట్, చెయిన్ అనే మూడు మాడ్యూళ్ళను ఇన్‌స్‌మాడ్‌తో పిలవండి. తరువాతి వరుసలో సెర్చ్ కమాండ్‌కు ఎఫ్ఎస్-యూయూఐడీ ఆప్షన్ ఇచ్చి, ఈఎఫ్ఐ పార్టిషన్ యూయూఐడీని రాసి, దాన్ని రూట్‌గా సెట్ చేయించండి. ఆఖరి వరుసలో చెయిన్‌లోడర్ అని రాసి, ఈఎఫ్ఐ, డెబియన్, గ్రబ్‌ఎక్స్64 డాట్ ఈఎఫ్ఐ అనే దారి ఇవ్వండి. ఈ యూయూఐడీ నాలుగు అక్షరాలు, ఒక అడ్డగీత, నాలుగు అక్షరాలుగా చిన్నదిగా ఉంటుంది, బ్లాక్ఐడీ కమాండ్‌లో కనిపిస్తుంది. పొడవైన యూయూఐడీ కనిపిస్తే అది లినక్స్ పార్టిషన్‌ది అని గుర్తుపట్టండి. ఫ్రీబీఎస్‌డీకి కూడా ఇదే ఎంట్రీని కాపీ చేసి, దారిని ఫ్రీబీఎస్‌డీ ఫోల్డర్‌లోని లోడర్ డాట్ ఈఎఫ్ఐకి మార్చండి. విండోస్‌కు మైక్రోసాఫ్ట్ ఫోల్డర్ కింద బూట్ లోపలున్న బూట్ఎంజీఎఫ్‌డబ్ల్యూ డాట్ ఈఎఫ్ఐ. అటు తరువాత ఓఎస్-ప్రోబర్‌ను ఉబుంటులోనూ, డెబియన్‌లోనూ ఆపివేసి, ఉబుంటులో ఒక్కసారి అప్‌డేట్-గ్రబ్ నడపండి. గ్రబ్ డాట్ సీఎఫ్‌జీని చేతితో మాత్రం దిద్దకండి. తరువాతి అప్‌డేట్ దాన్ని మొత్తం తిరగ రాస్తుంది.

విండోస్‌లో బిట్‌లాకర్ (డిస్కు ఎన్‌క్రిప్షన్) ఆన్ చేసి ఉన్నవారు ఇది చదువుతుంటే ఒక జాగ్రత్త: గ్రబ్ మీదుగా విండోస్‌ను లేపితే బూట్ దారి మారిందని అది 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. ఆ కీ చేతిలో లేకుండా ఈ పని మొదలుపెట్టవద్దు.

ముందు వరుస విషయానికి వస్తే, ఈఎఫ్ఐబూట్ఎంజీఆర్ కమాండ్ ఒట్టిగా నడిపితే ప్రతి ఎంట్రీకీ నాలుగంకెల నంబరు, పైన బూట్ఆర్డర్ వరుస కనిపిస్తాయి. ఇంగ్లిష్ చిన్న ‘ఓ’ అక్షరపు ఆప్షన్‌తో ఉబుంటు నంబరును ముందు పెట్టి మిగతావి తరువాత రాయండి. డెబియన్ మళ్ళీ ముందుకు రాకుండా ఉండాలంటే, డీపీకేజీ-రీకాన్ఫిగర్‌తో గ్రబ్-ఈఎఫ్ఐ-ఏఎండీ64 ప్యాకేజీని తెరవండి. ఎన్వీర్యామ్‌ను (ఫర్మ్‌వేర్ బూట్ వరుసను దాచుకునే మెమరీని) మార్చి డెబియన్‌నే బూట్ చేయాలా అని అది ఒక ప్రశ్న అడుగుతుంది. వద్దని చెప్పండి. విండోస్‌ను అలా ఆపే ప్రశ్న లేదు. అది మారినప్పుడు ఆ ఒక్క కమాండ్ మళ్ళీ నడుపుకోవాలి.


తుంగభద్ర ఒడ్డు, కర్నూలు

గండికోట గారు చెప్పిన అమరికనే నేనూ వాడుతున్నాను. కెర్నల్ పరీక్షల గురించి నాకు తెలిసినది చెబుతాను.

ముందుగా ఆ పానిక్. రూట్ ఫైల్‌సిస్టమ్ దొరకక సున్నా కామా సున్నా అని వచ్చిందంటే, చాలా వరకు ఇనిట్ఆర్‌డీ అసలు లోడ్ కాలేదని గానీ, సగంలో తెగిపోయిందని గానీ అర్థం. మీ డెబియన్ బూట్ పార్టిషన్ 500 ఎంబీ అన్నారు కదా, డిస్కులో ఖాళీని చూపే డీఎఫ్ నడిపి చూడండి. నిండిపోయి ఉంటుందని నా అనుమానం. డెబియన్ కాన్ఫిగ్‌ను అలాగే తీసుకుని కంపైల్ చేస్తే డీబగ్ సమాచారం కూడా మాడ్యూళ్ళలోకి (డ్రైవర్ల వంటి కెర్నల్ విడి భాగాల్లోకి) చేరుతుంది. ఆ మాడ్యూళ్ళను అలాగే ఇన్‌స్టాల్ చేస్తే ఒక్క ఇనిట్ఆర్‌డీయే వందల ఎంబీలు అవుతుంది. మేక్ మాడ్యూల్స్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఇన్‌స్టాల్_మాడ్_స్ట్రిప్ విలువ 1 అని ఇవ్వండి. దానికంటే మంచి దారి, మేక్ బిన్‌డెబ్-పీకేజీతో డెబియన్ ప్యాకేజీగానే కట్టుకోవడం. అప్పుడు డీబగ్ భాగం వేరే ప్యాకేజీలోకి పోతుంది, ఇన్‌స్టాల్ చేయగానే ఇనిట్ఆర్‌డీ తయారీ, అప్‌డేట్-గ్రబ్ వాటంతట అవే జరుగుతాయి, వద్దనుకున్నప్పుడు ఆప్ట్‌తో శుభ్రంగా తీసేయవచ్చు.

6.6 మొదటికి రావడం గ్రబ్ స్వభావమే. మెనూ తయారు చేసే స్క్రిప్టు కెర్నల్‌లను వెర్షన్ నంబరు ప్రకారం పేర్చి, పెద్ద నంబరును పైన పెడుతుంది. ఏది నమ్మకమైనదో దానికి తెలియదు, మనమే చెప్పాలి. డెబియన్‌లో ఈటీసీ డీఫాల్ట్ కింద ఉన్న గ్రబ్ ఫైలులో గ్రబ్_డీఫాల్ట్ విలువను సేవ్డ్ అని మార్చి, అప్‌డేట్-గ్రబ్ నడిపి, తరువాత గ్రబ్-సెట్-డీఫాల్ట్‌తో 6.1 ఎంట్రీని నిలపండి. చాలామంది ఇక్కడ ఒకటి, పెద్దది గుర్తు, రెండు అని అంకెలు రాస్తారు. సబ్‌మెనూలో సున్నా నుంచి లెక్క, పైగా ప్రతి కెర్నల్‌కూ రికవరీ ఎంట్రీ ఒకటి కలుస్తుంది కాబట్టి, కొత్త కెర్నల్ చేరిన రోజునే ఆ అంకెలు జరిగిపోతాయి. అంకెలకు బదులు ఎంట్రీ ఐడీ రాయండి. గ్రబ్ డాట్ సీఎఫ్‌జీలో మెనూఎంట్రీ_ఐడీ అని వెతికితే గ్నూలినక్స్ అని మొదలై, కెర్నల్ వెర్షన్, చివర యూయూఐడీ ఉన్న పొడవాటి పేరు కనిపిస్తుంది. సబ్‌మెనూ ఐడీ, పెద్దది గుర్తు, ఎంట్రీ ఐడీ వరుసగా రాయాలి. గ్రబ్_సేవ్‌డీఫాల్ట్‌ను మాత్రం ట్రూ చేయవద్దు, ఎందుకంటే మీరు మెనూలో చేతితో ఎంచుకున్న చెడ్డ కెర్నలే తరువాతి డీఫాల్ట్ అయి కూర్చుంటుంది.

ఇక కొత్త కెర్నల్‌ను ఒకే ఒక్కసారి పరీక్షించడానికి గ్రబ్-రీబూట్ అనే కమాండ్ ఉంది. దానికి 6.6 ఎంట్రీ ఐడీ ఇస్తే, గ్రబ్ఎన్వ్ అనే 1024 బైట్ల చిన్న ఫైలులో నెక్స్ట్_ఎంట్రీ అని రాస్తుంది. తరువాతి బూట్‌లో గ్రబ్ దాన్ని చదివి, కెర్నల్‌ను లోడ్ చేయడానికి ముందే ఆ వరుసను చెరిపేస్తుంది. ఇందులో గమనించవలసింది ఆ ముందే అనే మాట. కెర్నల్ పడిపోయినా, ఎండాకాలం మధ్యాహ్నం బూట్ మధ్యలో కరెంటు పోయినా, చెరిపివేత అప్పటికే అయిపోయింది కాబట్టి తరువాతిసారి పాత 6.1 తోనే లేస్తుంది. అయితే గ్రబ్ ఆ ఫైలులో రాయగలగాలి. ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ మీద రాయగలదు. బీటీఆర్‌ఎఫ్ఎస్ మీద రాయలేదు, అక్కడ స్పార్స్ ఫైలు కుదరదని ఎర్రర్ ఇస్తుంది, ఒక్కసారికని పెట్టిన కెర్నల్ ప్రతిసారీ వస్తూనే ఉంటుంది.

మీరు అడిగిన తనంతట తానే తిరిగి రావడం కోసం, డెబియన్ కెర్నల్ పారామీటర్లలో పానిక్ విలువ 10 అని చేర్చండి. పానిక్ అయిన పది సెకన్లకు మెషీన్ తనే రీస్టార్ట్ అవుతుంది. ఆ పది సెకన్లు ఎర్రర్‌ను ఫోన్‌తో ఫోటో తీసుకోవడానికి సరిపోతాయి. పానిక్ కాకుండా మెషీన్ అలాగే బిగుసుకుపోతే మాత్రం ఇది పనికిరాదు, రీసెట్ బటన్ నొక్కాల్సిందే. నొక్కిన తరువాత వచ్చేది పాత కెర్నలే.

మీ అమరికలో ఉబుంటు గ్రబ్ ముందు ఉంటుంది కదా, దాన్ని దాటి ఒక్కసారికి నేరుగా డెబియన్‌కు పోవడానికి ఈఎఫ్ఐబూట్ఎంజీఆర్‌కు చిన్న ఎన్ ఆప్షన్‌తో డెబియన్ నంబరు ఇవ్వండి. దాన్ని బూట్‌నెక్స్ట్ అంటారు. అదీ ఒక్కసారికే పనిచేసి పోతుంది. గ్రబ్-రీబూట్, బూట్‌నెక్స్ట్ రెండూ కలిపి ఇచ్చి రీస్టార్ట్ చేస్తే, ఎవరూ కీబోర్డు ముట్టకుండానే 6.6 పరీక్ష జరుగుతుంది, చెడితే మెషీన్ తిరిగి ఉబుంటు మెనూకు వచ్చి నిలబడుతుంది.


ధర్మవరం ఫైల్‌సర్వర్

పెద్దలకు ఒక సందేహం. ఉబుంటు, డెబియన్ రెండింటికీ కలిపి 2 జీబీలో ఒకే బూట్ పార్టిషన్ ఇస్తే సరిపోతుంది కదా? అన్ని కెర్నల్‌లూ ఒకేచోట ఉంటే ఏ గ్రబ్ నడిపినా అన్నీ కనిపిస్తాయి. సిస్టమ్‌డీ-బూట్ అనే మరో లోడర్ కూడా ఇలాగే ఒకేచోట కెర్నల్‌లను పెట్టమంటుందని విన్నాను.


గండికోట, కడప

ధర్మవరం గారూ, చూడటానికి బాగానే ఉంటుంది కానీ నడవదు. రెండు సిస్టమ్‌లూ ఆ పార్టిషన్‌లోని ఒకే గ్రబ్ డాట్ సీఎఫ్‌జీని రాస్తాయి, చివర రాసినదే నిలుస్తుంది. ఉబుంటు స్క్రిప్టుకు అక్కడ కనిపించిన డెబియన్ కెర్నల్ ఏ రూట్ పార్టిషన్‌కు చెందినదో తెలియదు. దానికి ఉబుంటు రూట్‌నే అంటగడుతుంది. అప్పుడు డెబియన్ కెర్నల్ మీద ఉబుంటు లేస్తుంది, ఉబుంటులో ఆ వెర్షన్ మాడ్యూళ్ళు ఉండవు, నెట్‌వర్క్ కూడా రాకపోవచ్చు. సిస్టమ్‌డీ-బూట్ ప్రతి కెర్నల్‌కూ వేరే ఎంట్రీ ఫైలు పెట్టుకుంటుంది కాబట్టి ఈ చిక్కు దానికి లేదు. అయితే కెర్నల్, ఇనిట్ఆర్‌డీ ఈఎఫ్ఐ పార్టిషన్‌లోనో, దాని కోసం కేటాయించిన మరో బూట్ పార్టిషన్‌లోనో ఉండాలి. విండోస్ చేసిన 100 ఎంబీలో రెండు కెర్నల్‌లు పట్టడమే కష్టం. కొత్త డిస్కు మీద మొదటి నుంచి మొదలుపెట్టేవారికి అది మంచి దారి.


సాయినగర్ ల్యాబ్, అనంతపురం

ఇద్దరికీ మనఃపూర్వక ధన్యవాదాలు. నిన్న సాయంత్రం ల్యాబ్ అయిపోయాక కూర్చుని మొత్తం చేశాను. డీఎఫ్‌లో డెబియన్ బూట్ పార్టిషన్ నూటికి నూరు శాతం అని వచ్చింది. తుంగభద్ర ఒడ్డు గారి అనుమానమే నిజమైంది. 6.6 ను తీసేసి, ప్యాకేజీగా మళ్ళీ కట్టి ఎక్కిస్తే ఇప్పుడు సగానికి పైగా ఖాళీ ఉంది.

చెయిన్‌లోడర్ ఎంట్రీ మొదటిసారి పనిచేయలేదు, ఫైలు దొరకలేదని వచ్చింది. చూస్తే నేను రాసినది పొడవాటి యూయూఐడీ, అంటే డెబియన్ రూట్ పార్టిషన్‌ది. గండికోట గారు ముందే హెచ్చరించినా చేతికి అలవాటైనదే రాసేశాను. చిన్నది రాయగానే డెబియన్ మెనూ వచ్చింది. ఫ్రీబీఎస్‌డీ ఫోల్డర్ ఈఎఫ్ఐ పార్టిషన్‌లో లేదు. పార్టిషన్‌లు నేను చేతితో చేసుకున్నందువల్ల ఇన్‌స్టాలర్ అక్కడ పెట్టలేదనుకుంటాను. ఫ్రీబీఎస్‌డీ బూట్ ఫోల్డర్‌లోని లోడర్ డాట్ ఈఎఫ్ఐని నేనే కాపీ చేశాను, అదీ లేచింది. ఇప్పుడు రెండు మెనూలు ఒకదాని తరువాత ఒకటి వస్తున్నాయి కాబట్టి డెబియన్ టైమవుట్‌ను 3 సెకన్లకు తగ్గించాను.

ఈ ఉదయం తరగతిలో పరీక్షించాం. గ్రబ్-రీబూట్, బూట్‌నెక్స్ట్ రెండూ ఇచ్చి రీస్టార్ట్ చేస్తే 6.6 నేరుగా వచ్చింది. సిస్టమ్ కాల్ చూపించాక, ప్రాక్ లోని సిస్‌ఆర్‌క్యూ-ట్రిగ్గర్ ఫైలుకు రూట్‌గా సి అనే అక్షరం పంపి కావాలనే పానిక్ చేయించాను. విద్యార్థులు గట్టిగా పది లెక్కపెట్టారు, తొమ్మిది పది మధ్యలో తెర నల్లబడి, ఫర్మ్‌వేర్ లోగో వచ్చి, ఉబుంటు మెనూ నిలిచింది. డెబియన్ ఎంచుకుంటే 6.1 తోనే లేచింది.

ఒక్కటి మిగిలింది. ఒక విద్యార్థి మెనూలో ఇంగ్లిష్ ‘ఈ’ అక్షరం నొక్కి రూట్ యూయూఐడీని తప్పుగా మార్చి చూశాడు. పానిక్ కాలేదు గానీ కాసేపు ఆగి, పది సెకన్లకు రీస్టార్ట్ అయింది. ఇనిట్ర్యామ్‌ఎఫ్ఎస్ (ఇనిట్ఆర్‌డీలోని తాత్కాలిక సిస్టమ్) షెల్ రావాలి కదా?


తుంగభద్ర ఒడ్డు, కర్నూలు

ఆ పారామీటర్‌ను కెర్నల్ ఒక్కటే కాదు, డెబియన్ ఇనిట్ర్యామ్‌ఎఫ్ఎస్ స్క్రిప్టులు కూడా చదువుతాయి. పానిక్ విలువ ఇచ్చి ఉంటే రూట్ దొరకనప్పుడు షెల్ ఇవ్వకుండా అన్ని సెకన్లు ఆగి రీస్టార్ట్ చేస్తాయి. మీ ల్యాబ్‌కు కావలసినది అదే. లోపల ఏం జరుగుతోందో చూడాల్సిన రోజున అదే విధంగా ‘ఈ’ నొక్కి, ఆ వరుసలోంచి పానిక్ మాటను తీసేసి, ఎఫ్10 తో బూట్ చేయండి. మార్పు ఆ ఒక్క బూట్‌కే ఉంటుంది, షెల్ వస్తుంది.